బెరకు తీసిన చెయ్యి

మా మేష్టారు పోయారని నెల్లిమర్ల నుంచి ఫోన్ వచ్చింది. అయ్యో అనాలనిపించలేదు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. చదివేవాళ్లు మన్నించాలి, నాకు ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు.

కాలేజీలో నాకు టిష్యూకల్చర్ నేర్పింది ఆయనే. సీసా మూత తీసేటప్పుడు మాట్లాడితే ఊరుకునేవారు కాదు. "నోరు ముయ్యే పిల్లా, నీ గాలికే బూజు పట్టీస్తాది" అనేవారు. ఈరోజు నేను తింటున్న అన్నం ఆ తిట్ల చలవే, కాదనను.

హుద్‌హుద్ వచ్చిన మరుసటి ఏడు బంగాళదుంప మీద పరిశోధన మొదలుపెట్టాను. ఆకు ముక్కల్ని సీసాల్లో పెంచితే కణాలు ముద్ద కడతాయి. ఆ ముద్దలోంచి లేచిన మొక్కలు ఒకే తల్లి పిల్లలైనా, కొన్ని జన్యువుల్లోనే మారిపోతాయి. అలా మారినవాటిలో మన ఎండకు దుంప ఊరేది దొరుకుతుందేమోనని నా ఆశ. మార్చిలో అన్నీ వాడిపోతుంటే, ముడతల ఆకుల పొట్టి మొక్క ఒకటి నిలబడింది. మట్టి కెలికి చూస్తే గోలీలంత దుంపలు. దానికి జోడు ఇంకోటి లేదు.

మేష్టారిది పాతపట్నం వైపు వరి విత్తనం పండించే ఇల్లు. మడిలో తేడాగా కనిపించిన మొక్కను పీకి పారేయడం, అదే బెరకు తీయడం, చిన్నప్పటినుంచీ ఆయన చేతికి అలవాటు. ఒక ఆదివారం మేం మొక్కలు పెంచే షేడ్‌నెట్‌లోకి వెళ్లి, నా మొక్కల్లో తేడావన్నీ దుంపలతో సహా పీకి కాల్చేశారు.

"బెరకు తీసీసేను. మడి సాపుగా ఉన్నాది, సూడు," అన్నారు మర్నాడు, సంబరంగా.

ఆ తేడాల గురించి మాకు పాఠం చెప్పింది ఆ నోరే. నేను ఏడిస్తే ఆయన ముఖం మాడిపోయింది గానీ, పొరపాటైందన్న మాట మాత్రం రాలేదు. మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. అలాంటిది మళ్లీ పుట్టలేదు.

పెద్దకర్మ నాడు వెళ్తే వాళ్లావిడ పెరడు చూపించారు. రిటైరయ్యాక ఏటా బజారు దుంపలే కోసి పాతేవారట. ఎండలు ముదిరినా గడ్డిపరక కూడా ఎవరినీ పీకనిచ్చేవారు కాదట. బజారు దుంపలో అలాంటిది రాదని ఆయనకు తెలియదా? నాకు ఒళ్లు మండిపోయింది. నాతో ఒక్క మాట అనలేని మనిషి ఇన్నేళ్లూ మట్టితో చెప్పుకున్నారు.

"మడంతా సిట్టడివైపోనాది. పీకించీమంటావేటమ్మా?" అని ఆవిడ అడిగారు.

పీకించెయ్యండి అనబోయాను. మోకాలెత్తు గడ్డి మధ్య పసుపు తిరిగిన దుంప మొక్కలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, గాలికి ఊగుతున్నాయి.