పాత గింజ

పేపరు మిల్లులో ముప్ఫై ఏళ్లు బాయిలర్ లాగ్ పుస్తకం రాసిన నాకు, ఏ రోజు ఏం మారిందో రాసుకోని మనుషులంటే మొదటి నుంచీ చులకన. సారపాకలో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ ఆ కోవలో మొదటివాడు.

ఆ వారం నా కంప్యూటర్‌లో బ్రౌజర్ మొరాయించింది. అక్షరాలు బాగానే వస్తున్నాయి. ఉపగ్రహ పటం తెరిస్తే మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చి, జరపబోతే బిగుసుకుపోతోంది. కావలసింది ఆ పటమే. ఒకప్పుడు మిల్లుకు వెదురు కొట్టిన కోయ రైతు ఒకాయన అడవిలో సాగుచేసుకుంటున్న పోడు భూమి పట్టాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. మర్నాడు గ్రామసభ. వాగు మలుపులో ఉన్న చెలక తనదేనని చూపడానికి ఆ బొమ్మ కాగితం మీద కావాలని వచ్చి కూర్చున్నాడు.

మెకానిక్ వచ్చాడు. డబ్బా విప్పి నోటితో దుమ్ము ఊదాడు. అంతటితో అతని విద్య అయిపోయింది.

"వైరస్ సారూ. ఫార్మాట్ కొట్టాలె."

"ఇందులో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్. దీనికి ఏ వైరస్సయ్యా? పేరు చెప్పు, డైరీలో రాసుకుంటా."

"పేరెందుకు సారూ, అన్నీ గంతే. రేపు సాయంత్రం సీడీ తెస్తా."

"రేపు పొద్దుగాల నా సభ గాదా!" అన్నాడు రైతు.

మెకానిక్ టీ తాగి వెళ్లిపోయాడు. నేను డైరీ తీశాను. మంగళవారం పేజీలో నా రాతే ఉంది, పైకే చదివాను: 'అప్‌డేట్ వచ్చింది. కెర్నల్ మారింది. రీస్టార్ట్ చేశాను.' పటం నత్తనడక మొదలైంది బుధవారం. నాలుగు రోజులుగా ఇంటర్నెట్ తీగ పీకి పెడుతున్నానే తప్ప సొంత డైరీ తిరగెయ్యలేదు. మెకానిక్‌ను తిట్టిన నోటితోనే నన్నూ తిట్టుకున్నాను.

"కెర్నల్ అంటే ఏంది సారూ?" అన్నాడు రైతు.

"కంప్యూటర్ను నడిపించే అసలు ప్రోగ్రాము. ఇంగ్లీషులో ఆ మాటకు గింజ అని అర్థం."

"కొత్త గింజ ఏసినవన్నమాట. మరి పాతది దాసుకోలేదా? మేమైతే కొత్త ఇత్తనం పండి ఇంట్లకు వచ్చేదాక పాతది పారెయ్యం."

నవ్వబోయి ఆగాను. కంప్యూటరూ పారెయ్యదు. రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే జాబితాలో పాత కెర్నల్ ఎంచుకున్నాను. తెర మీద బొమ్మలు గీయించే ప్రోగ్రాము, గ్రాఫిక్స్ డ్రైవర్, దానికి అమర్చినదే. కొత్తదానికి అది అమరక ఇన్ని రోజులూ ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. ఇప్పుడు పటం నీళ్ల మీద ఆకులా జరిగింది.

"గదే వాగు. గిదే నా చెలక. ఆ నల్ల సుక్క మా ఇప్పచెట్టు!"

ప్రింట్ తీసి ఇస్తే మడవకుండా కండువాలో చుట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వచ్చి, సభలో కాగితం చూసి తన చెలకను కొలతకు రాసుకున్నారని చెప్పాడు. అప్పుడే సీడీతో మెకానిక్ దిగాడు.

"వైరస్ ఎట్లున్నది సారూ?"

నేను నోరు తెరిచేలోపే రైతు అందుకున్నాడు.

"వైరస్ లేదు, గీరస్ లేదు. ఇత్తనం దాసుకోవాలె తమ్మీ."