చేటెడు జొన్నలు

ఈ రోజు పొద్దున మా కులపెద్దతో మళ్లీ గొడవపడ్డాను. గద్వాలలో మా వీధి నేతగాళ్లకు ఒక కట్టుబాటుంది. మగ్గం మీంచి చీర దిగినప్పుడల్లా ఆ ఇంటివాళ్లు చేటెడు జొన్నలు కులానికివ్వాలి. ముసలితనంతోనో జబ్బుతోనో నేయలేకపోయిన వాళ్లను వాటితో సాకుతారు. ఇవ్వనంటే కుదరదు.

"సంస్థానానికి మగ్గం పన్ను కడ్తనే ఉన్నం. ఇదింకో పన్నా, పెద్దయ్యా?" అన్నాను.

"పన్నేందిర? రేపు నీ చేతులు పడిపోతే గీ జొన్నలే నీ ఇంటికొస్తయి. నీది నువ్వే దాసుకుంటున్నవ్," అన్నాడాయన.

మా అమ్మ చేట పట్టుకొని అక్కడే నిలబడి ఉంది. తెగిన పోగులు అతికీ అతికీ ఆమె చూపు ఈ మధ్య బాగా మందగించింది.

"నాకు కండ్లు కనవడ్తలేవన్నా. మరి నాకెప్పటి సంది ఇస్తరు?" అంది.

ఆయన తడబడ్డాడు. "అది నేసేటోళ్లకు, చెల్లె. నువ్వు మగ్గంల కూసోలే గద."

అమ్మ జొన్నలు ఆయన సంచిలో ఒంపేసింది. "అయితే వానికి దాసుకున్నట్టు, నాకు పన్ను కట్టినట్టు."

అప్పటి నుంచి మగ్గంలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పోగు తెగినప్పుడల్లా అమ్మను పిలవబోయి నోరు మూసుకుంటున్నాను.

మీ వీధుల్లో పోగులు అతికేవాళ్ల కళ్లు పోతే ఎవరు సాకుతున్నారో చెప్పండి. కొడుకు సాకుతాడని మాత్రం అనకండి. చేటెడు జొన్నలకు పొద్దున గొడవపడింది ఆ కొడుకే.