సుంకులమ్మ వద్దన్న పుంజు

ఎమ్మిగనూరులో మా ఇంట్లో మగ్గం ఆడక చాలా కాలమైంది. మగ్గాన్ని అమ్మేశాం గానీ, నేసే మనిషి కాళ్ళు పెట్టుకునే గుంటను ఎవరూ కొనరు కదా, అది నట్టింట్లో అట్లాగే మిగిలిపోయింది. మా అత్త దాని మీద పలకలు పరిచి జొన్నల మూట పెట్టుకునేది. నేను ఆ పలకలు తీసి, గుంటలో వరిగడ్డి వేసి, అసీల్ కోడిపెట్టను పొదగేశాను. చనిపోయిన మామ కాళ్ళు పెట్టుకొని చీరలు నేసిన చోట కోడి కూర్చుందని అత్త కొన్నాళ్ళు నాతో మాట్లాడడం మానేసింది. ఆ కొన్నాళ్ళూ నాకు హాయిగానే గడిచాయి.

ఈ జాతికోళ్ళ పిచ్చి నాకు ఫోన్లో పట్టుకుంది. ఎవరో ఒకాయన వీడియోలో అసీల్ గురించి చెబుతుంటే నోరు తెరుచుకొని విన్నాను. మెడ పొడుగ్గా ఉండాలి, కాళ్ళు గట్టిగా ఉండాలి, ఈకలు పల్చగా ఒంటికి అంటుకొని ఉండాలి, చూపులో ఎవరినీ లెక్కచేయని పొగరు ఉండాలి. నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఎవరినీ అంత శ్రద్ధగా పరిశీలించలేదు. ఆదోనికి పోయి ఒక పుంజును, రెండు పెట్టలను తెచ్చుకున్నాను. అంతే, వీధిలో నా హోదా మారిపోయింది. అంతవరకు నన్ను చూసి తల తిప్పుకునే మగవాళ్ళు గడపలోకి వచ్చి, పందేలు యాడ వేయిస్తావక్కా అని గుసగుసగా అడిగేవారు. పందేలకు కాదు, జాతిని నిలబెట్టడానికి అంటే నమ్మలేదు. నాకూ దాని అర్థం సరిగా తెలియదు, అది వీడియో ఆయన మాట.

జాతిని నిలబెట్టే పని గుడ్లు కడగడంతో మొదలుపెట్టాను. పేడా మట్టీ అంటిన గుడ్లను కోడి కింద పెడితే ఏం మర్యాద అని, ఒక్కోదాన్ని సబ్బునీళ్ళతో తోమి, తుడిచి, పెట్ట కింద పేర్చాను. గుడ్డు పెంకు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుందనీ, దాన్ని కడిగేస్తే లోపల కుళ్ళిపోతుందనీ తర్వాత తెలిసింది. ఇల్లంతా లేచిన వాసన మాత్రం వెంటనే తెలిసింది. మా ఆయన అన్నం పళ్ళెం పట్టుకొని వీధి అరుగు మీదికి పోయి తినేవాడు.

నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా, కోడిగుడ్ల కోసం ఏడ్చాను. అత్త నా వైపు చూసి చెప్పులేసుకొని ఎటో పోయి వచ్చింది. ఎక్కడికి పోయిందో అప్పుడు అడగలేదు.

రెండోసారి గుడ్లు కడగలేదు, పిల్లలు దిగాయి. కానీ పెట్ట ఇంకా పొదుగు మీద ఉండగానే, ఆదోని నుంచి తెచ్చిన పుంజు కొక్కెర తెగులు సోకి పోయింది. టీకా వేయించాలని చెప్పే వీడియో నేను తర్వాత చూశాను. పిల్లల్లో గద్ద ఎత్తుకుపోయినవి కొన్ని, పిల్లి తిన్నవి కొన్ని. మిగిలినవి పెరిగాక చూస్తే అన్నీ పెట్టలే, ఒక్కటి తప్ప. ఆ ఒక్క పుంజు పోతే నా అసీల్ సంసారం అక్కడితో సరి, నేను నిలబెట్టిన జాతి గుంటలోకే.

వాడు నల్లగా, ఎత్తుగా పెరిగాడు. ఈకలు ఎంత పల్చగా ఉండేవంటే, చూసినవాళ్ళు సగం పీకిన కోడిని ఎందుకు వదిలేశావని అడిగేవారు. అత్తను చూస్తే చాలు, వెంటపడి తిరిగేవాడు. ఆమె వాణ్ణి తిట్టని పూట లేదు, కొర్రలు నానబెట్టి పెట్టని పూటా లేదు. చేతులు వెనక్కి కట్టుకొని నడిచినట్టు నడుస్తాడనీ, మా మామ కూడా అట్లాగే నడిచేవాడనీ ఒకసారి నాతో అంది. అన్న వెంటనే లేచి పోయి పాత్రలు తోముకుంది.

ఉగాది అయింది, మర్నాడు కైరుప్పల జాతరలో జనం పిడకలతో కొట్టుకోవడం కూడా అయింది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున వాడు మొదటిసారి గొంతు సవరించి, పగిలిన బూరలాగా కూశాడు. నేను చప్పట్లు కొట్టాను. అత్త పొయ్యి దగ్గర నుంచే నెమ్మదిగా చెప్పింది.

"కూసినాడంటే పుంజే, ఇంక అనుమానం లేదు. పిల్లలు దిగితే మొదటి పుంజు నీకేనని సుంకులమ్మకు మొక్కుకుంటి. మంగళవారం పోదాం మ్మే."

గుడ్లు కుళ్ళిన రోజు ఆమె పోయింది ఆ అమ్మవారి గుడికన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్లు కడగకపోవడం వల్ల పిల్లలు దిగితే ఆ పేరు సుంకులమ్మ ఎట్లా కొట్టేస్తుందని అడిగాను. బాయిలర్ కోడిని ఇద్దామన్నాను. తల్లెవరో తండ్రెవరో తెలియని దాన్ని అమ్మకు ఎట్లా పెడతావంది. పక్కింటివాళ్ళ నాటుపుంజును కొనిస్తానన్నాను. మాటిచ్చింది ఈ పొదుగులో పుంజునని ఆమె పట్టు. మా ఆయన ఏ పక్కా మాట్లాడలేదు గానీ, సాయంత్రం మసాలా పొట్లంతో ఇంటికి వచ్చాడు. ఆయన సుంకులమ్మ పక్షమని అర్థమైంది.

మంగళవారం అత్తే వాడికి స్నానం చేయించి, పసుపు పూసింది. నానిన కొర్రలు దోసిట్లో పట్టుకొని తినిపించింది. నేను ఎదురుగా నిలబడి ఏడుస్తున్నా తల ఎత్తలేదు.

గుడి ఊరి చివరే, నడిచే పోయాం. మా వైపు ఒక పద్ధతి ఉంది. అమ్మవారి ముందు నిలబెట్టి నీళ్ళు చల్లితే కోడి ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి. పూజారి కాళ్ళు కట్టిన పుంజును బండ మీద నిలబెట్టి నీళ్ళు చల్లాడు. ఆ పల్చటి, గట్టి ఈకల మీద నీళ్ళు నిలిస్తే కదా. జారి కిందికి పోయాయి. ఎవరినీ లెక్కచేయని ఆ చూపుతో వాడు పూజారిని చూశాడు. మళ్ళీ చల్లాడు. వీపు మీద పోశాడు, చెవుల దగ్గర పోశాడు, చివరికి చెంబు మొత్తం కుమ్మరించాడు. కోడి కదల్లేదు. అంతవరకు సుంకులమ్మను నానా మాటలు అన్న నేను, చేతులు జోడించి, తల్లీ కదలనీయొద్దు అని లోపల్లోపల మొక్కుతూ నిలబడ్డాను.

పూజారికి తన వాటా మీద ధ్యాస, కదిలినట్టే ఉందిలే అక్కా అన్నాడు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి తోక ఊపడం తాను చూశానన్నాడు.

"తోక కాదు, ఒళ్ళంతా ఇదిలించల్ల. అమ్మ దగ్గర దొంగలెక్క నాకొద్దు," అని అత్త కసిరింది.

చాలాసేపు చూశాం. చివరికి పూజారే విసిగిపోయి, అమ్మకు ఇష్టం లేదు, తోలుకొని పొమ్మన్నాడు. అత్త కొంగు భుజం మీదికి లాక్కొని అమ్మవారి ముందుకు పోయి నిలబడింది.

"సూడు తల్లీ. నేను తెస్తి, నువ్వు వద్దంటివి. రేపు నన్నడగొద్దు."

మా ఆయన టమాటాలన్నా తెస్తానని గుడి దగ్గర నుంచే మార్కెట్‌కు పోయాడు. నేను పుంజును తువ్వాలులో గట్టిగా చుట్టి, చంకలో పెట్టుకొని అత్త వెనకాల నడిచాను. నాకు ఎగిరి గంతేయాలని ఉంది గానీ, ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

వాకిట్లో తువ్వాలు విప్పి, కాళ్ళ కట్టు తీసి కింద వదిలాను. వాడు మెడ సాచాడు. రెక్కలు వదులు చేశాడు. మా ఇద్దరి మధ్యా నిలబడి, తల దగ్గర నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒక్కసారి విదిలించాడు. పసుపునీళ్ళు నా ముఖం మీదా, అత్త ముఖం మీదా పడ్డాయి.

గుడి ఇంకా కనుచూపు మేరలోనే ఉంది. అత్త పుంజు వైపు చూసింది, గుడి వైపు చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని, మిట్టమధ్యాహ్నపు ఎండలో తల పైకెత్తింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

"సినుకులు పడతాండాయి మ్మే," అంది. "పుంజును బిరీన లోపలేసుకో."