ఆ తారీఖు ఖాళీ లేదు బిడ్డా

కాక పోయాడన్న మాట నాకు పాలవాడు చెప్పాడు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఆ గోడకు అవతల, ముప్పై ఏళ్ళు నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి గుండె ఆగిపోతే, నాలుగు గల్లీలు తిరిగే పాలవాడు పాకెట్లు చేతిలో పెడుతూ చెబితే తెలిసింది. చిన్నమ్మ నన్ను పిలవలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఎనిమిది నెలలుగా నేను వాళ్ళ గడప తొక్కలేదు.

ఆయనకూ నాకూ రక్తసంబంధం లేదు. ఉప్పుగూడలో మా గల్లీ మొత్తానికి ఆయన కాక, ఆయన భార్య చిన్నమ్మ. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పాతబస్తీ వైపు తిరిగే అలవాటున్న వాళ్ళయితే మీరూ ఆయన్ను చూసే ఉంటారు. పొట్టి మనిషి. మెరూన్ రంగు టీషర్టు. వీపు మీద బాకా బొమ్మ, దాని చుట్టూ పసుపు అక్షరాల్లో ఒక బ్యాండు పార్టీ పేరు, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఆ పేరు మాత్రం నేనిక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది.

కాక బ్యాండువాడు కాదు. ఆయనకు ఈల వేయడం కూడా రాదు. వినడం ఒక్కటే వచ్చు. ఎవరి పెళ్ళి బారాత్ అయినా సరే, ఆ బ్యాండు వినబడిందంటే చేతిలో పని వదిలేసి వెనకాల నడిచేవాడు. ఒక ఏడాది బోనాలకు బ్యాండు వాళ్ళందరూ టీషర్టులు వేయించుకుంటే ఒకటి మిగిలిందట. బ్యాండు మాస్టరు దాన్ని తెచ్చి కాక భుజం మీద వేశాడు. అప్పటినుంచి డ్యూటీ లేని రోజున కాక ఒంటి మీద ఇంకో బట్ట చూసినవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకు అదే, కూరగాయలకు అదే. గా అంగి మీద ఉన్న పానం నా మీద లేదు అని చిన్నమ్మ అందరి ముందూ దెప్పేది. కాక నవ్వి ఊరుకునేవాడు.

ఆ టీషర్టు వేసుకుని బయలుదేరితే ఆయన ఎక్కడికీ తిన్నగా చేరేవాడు కాదు. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో ఆయన స్కూటరు వెనక కూర్చుని చాలాసార్లు వెళ్ళాను కాబట్టి కళ్ళారా చూశాను. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడుతున్న ఆడవాళ్ళు ఆ అక్షరాలు చూసి, అన్నా, మా బిడ్డ పెండ్లి ఫలానా రోజు, మీ బ్యాండు దొరుకుతదా అని అడిగేవాళ్ళు. కాక అక్కడికక్కడే దస్తీ, అదే చేతిరుమాలు, తీసి మూలకు ఒక ముడి వేసేవాడు. ఇంకొకరు అడిగితే ఇంకో ముడి. రాసుకునే అలవాటు ఆయనకు లేదు. ముడిని వేలితో తడిమితే మనిషి మొహం, ఊరు, తారీఖు అన్నీ గుర్తొస్తాయనేవాడు. సాయంత్రానికి ఆ దస్తీ పట్టుకుని బ్యాండు దుకాణానికి పోయి, ముడి తర్వాత ముడి విప్పుతూ మాస్టరుకు అప్పజెప్పేవాడు.

ఒకసారి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ మా స్కూటరు ఆపాడు. ఇద్దరికీ హెల్మెట్లు లేవు, పని అయిపోయిందనుకున్నాను. ఆయన కాక వీపు చదివి, మా పెండ్లికి మీరే వాయించిండ్రు అన్నాడు.

"నేను వాయించలే సార్. ఎన్కాల నడిచిన," అన్నాడు కాక.

ఆ జవాబుకు కానిస్టేబుల్ నవ్వాడో లేదో గుర్తులేదు గానీ, ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి ఆ పెళ్ళి ఏ గల్లీలో మొదలై ఏ గల్లీలో ఆగిందో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇంకోసారి ఉప్పుగూడ స్టేషన్లో ఒకాయన కాకను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వాళ్ళ నాయన పాడె ముందు ఆ బ్యాండే నడిచిందట. కాక ఆయన భుజం మీద చెయ్యి వేసి రైలు వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. డీజే డబ్బాలు వచ్చాక కాక ఒక మాట తరచూ అనేవాడు. "డబ్బా మనిషిని నిలవెట్టి కొడతది. బ్యాండు మనిషిని ఎంటవెట్టుకొని నడుస్తది."

నా పెళ్ళికీ ఆ బ్యాండే. మాస్టరు క్లారినెట్ ఎత్తగానే మా నాయన, జన్మలో ఎగరని మనిషి, భుజాన తువ్వాల తీసి గాల్లో తిప్పాడు. మా నాయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. నా కొడుకు పెళ్ళి కుదరగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ తువ్వాలే. పెళ్ళి పత్రిక ఇంకా అచ్చు కాకముందే కాక దగ్గరికి వెళ్ళి తారీఖు చెప్పాను.

ఆయన మొహం అదోలా అయింది. దస్తీ తీశాడు, ముడి వేశాడు, వేసి దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఆ తారీఖు ఖాళీ లేదు బిడ్డా," అన్నాడు.

పోనీ ముందురోజు మైలపోలు తంతుకైనా పంపమన్నాను. అదీ నిండిపోయిందన్నాడు. నేనే పోయి మాస్టరును అడుగుతానన్నాను. "పోకు. నా మాట మీద నీకు ఇజ్జత్ ఉంటే పోకు," అన్నాడు. అడిగిన ప్రతి పరాయివాడి కోసం పరుగెత్తిన మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు కదపలేదనిపించింది. నాకు కోపం వస్తే తొందరగా పోదు, ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బు. దుకాణానికి పోలేదు. డీజే పెట్టించాను. పెళ్ళికి కాక అదే టీషర్టులో వచ్చాడు, డబ్బాలకు దూరంగా ఒక మూల కూర్చుని తిన్నాడు, పిల్లల మీద అక్షింతలు వేశాడు, వెళ్ళిపోయాడు. నేను పలకరించలేదు. ఆ తర్వాత కూడా పలకరించలేదు.

చివరిసారి స్టేషన్లో ఎదురుపడ్డాడు. పోవడానికి పది రోజుల ముందు. బిడ్డా, ఒక మాట అని దగ్గరికి వచ్చి, టీషర్టు జేబులో చెయ్యి పెట్టాడు. నేను ఫోను చెవికి ఆనించుకున్నాను. అవతల ఎవరూ లేరు. అది ఆయనకు తెలుసు. జేబులోంచి చెయ్యి ఖాళీగా తీసుకుని, మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఆయన పాడె ముందు బ్యాండు లేదు. గల్లీ అంతా అదే మాట. జీవితాంతం వాళ్ళ వెనక నడిచిన మనిషికి వాళ్ళు రెండడుగులు నడవలేరా అన్నారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఆయన చచ్చిన తారీఖు కూడా వాళ్ళకు ఖాళీ లేదా అనుకున్నాను. పదకొండో రోజు అయ్యాక చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి, నేను పోయి వాళ్ళను నిలదీస్తానన్నాను. ఆమె లోపలికి వెళ్ళి టీషర్టు తెచ్చి ఇచ్చింది.

"నిలదీసుడు వద్దు గని, ఇది వాళ్ళకే ఇచ్చిరా. దస్తీ జేబుల్నే ఉన్నది. ఉతికినప్పుడు గూడ గా ముడి విప్పనియ్యలే నన్ను," అంది.

బస్సులో ఒళ్ళో పెట్టుకుని చూసేసరికి ఒకటి అర్థం కాలేదు. ఆ టీషర్టు కొత్తది. పసుపు అక్షరాలు ఎక్కడా పగల్లేదు. పాత దాని మీద పేరు కింద ఫోను నంబరు ఉండేది, దీని మీద లేదు. అయినా నాకు ఏమీ తట్టలేదు. కోపంలో ఉన్నవాడికి కళ్ళుండీ ఏం లాభం.

లాడ్ బజార్ వెనక గల్లీలో బ్యాండు దుకాణం ఉండాల్సిన చోట గాజుల అట్టడబ్బాలు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఆ దుకాణదారు నా చేతిలో టీషర్టు చూసి పక్క సందు చూపించాడు. సందు చివర ఒక చిన్న గదిలో మాస్టరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా పెళ్ళిలో చూసిన బుగ్గలు లోపలికి పోయాయి. ముందు పళ్ళు ఒక్కటీ లేవు. నన్ను కాదు, టీషర్టును చూశాడు. చూసి, ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు.

"రెండు జుమ్మాలు రాలే," అన్నాడు, రెండు శుక్రవారాలుగా కాక తన దగ్గరికి రాలేదని. "పానం మంచిగ లేదేమో అనుకున్న."

నిలదీద్దామని పోయిన నేను చావు కబురు చెప్పే మనిషినయ్యాను. ఆయన చాలాసేపు ఏడ్చాడు. తర్వాత ఆయనే, నేను అడగకుండానే, ఉన్నదంతా చెప్పాడు. పళ్ళు ఊడిపోతే క్లారినెట్ పట్టుకోవడం అయ్యే పని కాదు. వాయించే వాళ్ళలో ఒకడు ఆటోకు పోయాడు, ఒకడు డీజే బండికే పోయాడు. బ్యాండు మూతబడి మూడేళ్ళయింది. మా బోనాలకు మూడేళ్ళుగా ఆ బ్యాండు రాకపోతే, వాళ్ళకు పెద్ద పెద్ద పెళ్ళిళ్ళు తగులుతున్నాయని కాక చెప్పాడు, మేం నమ్మాం.

"మీ కాకనేమో, బంద్ అయిందని నా నోటితోని అనను మాస్టర్, ఖాళీ లేదనే చెప్త అన్నడు. పాత అంగి చినిగిపోతే కొత్తది అచ్చేయించిండు, నంబర్ తీసేయించిండు. జుమ్మా జుమ్మాకు వచ్చి దస్తీ నా ముందర పెడుతుండె. ఈ వారం నలుగురు అడిగిండ్రు మాస్టర్, ఈ వారం ఇద్దరు అని చెప్పుకుంట ఒక్కొక్క ముడి నాతోని విప్పిస్తుండె. బేటా, గా ముడుల మీదనే నేను బతికిన."

నేను జేబులోంచి దస్తీ తీసి ఆయన ముందు పెట్టాను. దాని మూలకు ఒకటే ముడి ఉంది. ఎన్నిసార్లో ఉతికిన బట్ట, నల్లబడి గింజలా గట్టిపడిన ముడి. మాస్టరు దాన్ని ముట్టుకోలేదు.

"ఇది ఎనిమిది నెలల కిందిది. దీన్ని నాతోని ఎన్నడూ విప్పియ్యలే. ఇది మా పక్కింటి పిలగానిది మాస్టర్, బయటోళ్ళకు చెప్పిన అబద్ధం వానికి గూడ చెప్పిన, ఒకనాడు నిజం చెప్పి వాని చేతనే విప్పిస్త అన్నడు," అని, నన్ను అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాడు. "నువ్వేనా?"

నేనేనన్నాను. స్టేషన్లో ఆయన చెయ్యి జేబులోకి ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది. ఆ గదిలో కూర్చుని ముడి విప్పడానికి చూశాను. గోళ్ళు నొప్పి పుట్టాయి గానీ అది రాలేదు. పళ్ళతో పట్టి లాగాను. మాస్టరు నా చెయ్యి ఆపి, ఉండనీ బేటా, చినుగుతది అన్నాడు. టీషర్టు కూడా తీసుకోలేదు. నా దగ్గర మూలకు పడి ఉండి ఏం చేస్తది, నువ్వే తొడుక్కో అన్నాడు.

నాకు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే దాచేవాడినా? నిజం చెప్పాలంటే, దాచేవాణ్ణి కాదు. ఇంట్లో చెప్పేవాణ్ణి, ఇంట్లోంచి గల్లీకి పోయేది, గల్లీలోంచి మాస్టరు చెవికి చేరేది. కాకకు నేనేంటో తెలుసు. అయినా ఎప్పుడో ఒకరోజు చెప్పాలనే అనుకున్నాడు. ఆ రోజు వచ్చి నిలబడితే, నేను పలకని ఫోను చెవిన పెట్టుకున్నాను. ఇంక దీనికి దిద్దుబాటు లేదు. ఎవరు ఎన్ని ఓదార్పులు చెప్పినా లేదు.

పోయిన శుక్రవారం ఆ టీషర్టు తొడుక్కున్నాను. చచ్చినోళ్ళ బట్టలు తొడుగుతరా అని మా ఆవిడ కోప్పడింది. ఉప్పుగూడ స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి వెనకనుంచి ఎవరో వీపు చదువుతున్నట్టు అనిపించింది. నా వయసువాడే, చేతిలో పెళ్ళి బట్టల సంచి.

"అన్నా, వచ్చే నెలల మా చిన్నోని పెండ్లి. మీ బ్యాండు దొరుకుతదా?" అన్నాడు.

తారీఖు ఏమిటని అడిగాను. చెప్పాడు. ఎనిమిది నెలల కింద నేను విని మండిపడ్డ మాట ఇప్పుడు నా నోట్లో ఉంది. అది అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"ఆ తారీఖు ఖాళీ లేదు అన్నా," అన్నాను.

"తెలుసు," అని నవ్వాడు. "పెద్దోని పెండ్లప్పుడు గూడ ఒక పెద్దమనిషి గిట్లనే అన్నడు. మంచి బ్యాండాయె, ఎట్ల దొరుకుతది? అడుగుడైతే అడగాలె గద."

రైలు వచ్చింది, అతను ఎక్కేశాడు. నేను దస్తీ తీసి, విప్పలేకపోయిన ముడి పక్కనే కొత్తగా ఒకటి వేశాను. కొత్తది వదులుగా ఉంది. ఆ సాయంత్రం మాస్టరు ముసలి వేళ్ళకు అది తేలిగ్గానే వచ్చింది. పాతది అట్లాగే ఉంది.