దారం దాకా నీళ్లు

అరవై దాటినాక పెద్దవాళ్ల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇన్నాళ్లూ ఇది రాయలేదని చెబితే మీరు నమ్ముతారు, కానీ అది సగం నిజమే. చదువు నా ఇరవయ్యో ఏటనే మా ఇంటి గడప దాకా వచ్చింది, నేనే మొహం తిప్పుకున్నాను. మొన్న మా మనవరాలు కడపలో కొన్న గాజు తొట్టిలో చేపలు వదిలి, "అవ్వా, నీళ్లు తగ్గినాయి, ఈ గీత దాకా పొయ్యి" అని చెంబు చేతికిచ్చి పోయింది. ఆ గీతను చూస్తూ చాలాసేపు చెంబు వంచలేకపోయాను.

తెల్లదొరల కాలంలో, కమలాపురం దగ్గరి మా అత్తవారి ఊళ్లో బావి నీళ్లు ఉప్పగా ఉండేవి, పశువులు కూడా మూతి పెట్టి వెనక్కి తీసేవి. తాగడానికీ వండడానికీ ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన తియ్యని నీళ్లను చిప్పతో తోడి కడవకెత్తి, మైలు దూరం మోసుకురావాలి. పెద్దకోడలిని గనక ఆరేళ్లు నేనే మోశాను. మా మామ ఒక్కనాడైనా ఆ కడవ వంక చూడలేదు.

అప్పుడు మా మరిది భార్య, నా తోడికోడలు, కాపురానికి వచ్చింది. మా సీమ పిల్లే, తండ్రి ఉద్యోగం వల్ల చెన్నపట్నంలో మిషను బడిలో చదివింది. రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన గాజు జాడీలో సముద్రపు నీళ్లు, ఒక రాయి, రాయిని కరుచుకుని పువ్వులాంటి ప్రాణి. మనం రేకులనుకునేవి దాని వేళ్లు, ఎండురొయ్య తునక అందిస్తే మెల్లగా ముడిచి లోపలికి తీసుకునేది. కోడళ్ల వైపు తలెత్తని మా మామ పొద్దున్నే దాని ముందు పీట వేసుకునేవాడు, మా అత్త వీధినంతా పిలిచి చూపించేది. ఎండకు నీళ్లు ఇగిరితే ఉప్పు చిక్కబడుతుందని రోజూ ఒక గ్లాసు చెలమ నీళ్లు దానికి పోయాలి. అవి నా నెత్తిమీద వచ్చిన నీళ్లు. పక్కింటామె నా కడవ దించుతూ, "మీ ఇంట్లో ఒగ కోడలు నీళ్లు మోస్తాది, ఇంగొగ కోడలు నీళ్లు పెంచుకుంటాది" అని నవ్వింది.

ఆ పిల్ల చెడ్డదైతే బాగుండేది. పలకా బలపం పట్టుకుని, "రెండక్షరాలు నేర్చుకో అక్కా" అని నా వెంటే తిరిగేది.

తండ్రికి జబ్బు చేస్తే నెల రోజులు ఉండి రావడానికి పుట్టింటికి పోతూ, నాకు చదువు రాదని జాడీకి ఎర్ర దారం కట్టింది. "ఈ దారం దాకా చెలమ నీళ్లే పొయ్యక్కా. బాయి నీళ్లు మాత్రం వద్దు, ఉప్పెక్కువై సచ్చిపోతాది" అని రెండుసార్లు చెప్పింది.

మొదటి రోజు చెలమ నీళ్లే పోశాను. మర్నాడు కడవతో లోపలికి వస్తుంటే మామ, "జాడీకి అడ్డం నిలబడొద్దు, పక్కకు పో" అన్నాడు. ఆ పూట నుంచి బావి నీళ్లు పోశాను, సరిగ్గా దారం దాకా. వేళ్లు ముడుచుకుని ఆ పువ్వు రేగ్గాయంత అయింది. అలా చస్తున్నప్పుడు కూడా మామ దాని పక్కనే దిగులుగా కూర్చున్నాడని కుళ్లుకున్నాను. ఆమె తిరిగి వచ్చేనాటికి రాతి మీద ఉత్త జిగురు మిగిలింది.

అత్త నా మీదికి లేస్తే తోడికోడలే అడ్డం వచ్చింది. "సదువు రానిదానికి ఏం తెలుస్తాదత్తా, నేనే సరింగా చెప్పలేదు" అంది. నేను తల వంచుకుని, రాని చదువు చాటున దాక్కున్నాను. తర్వాత ఆమె పలక తెచ్చినప్పుడల్లా వద్దన్నాను, అక్షరం వస్తే ఆ చాటు పోతుందని.

ఇప్పుడు ఇంట్లోనే కొళాయి తిప్పితే మంచినీళ్లు. చెలమ అంటే మా మనవరాలికి తెలియదు, కడవ బరువుకు నడినెత్తిన వెంట్రుకలు రాలిన నా తోటివాళ్లకు తప్ప ఆ నీళ్ల రుచి ఎవరికీ గుర్తు లేదు. తోడికోడలు కర్నూలులో కొడుకు దగ్గర ఉంది. కళ్లకు పొర వచ్చి అక్షరం ఆనడం లేదట. ఇది పోస్టులో పంపితే ఎవరో చదివి వినిపించాలి.

ఇక్కడి దాకా రాసి పడుకున్నాను. మరునాడు పొద్దున చేపల తొట్టిలో గీత దాకా మంచినీళ్లు పోసి, ఈ కాగితాలు చేతిసంచిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాను.