సగం మిద్దెకు చౌడు

మొన్న మా పక్కింటివాళ్లు పాత మట్టి మిద్దె దించేసి సిమెంటు కప్పు వేయించుకుంటూ, ఆ మట్టినంతా మా గోడవారన పోయించారు. కడప జిల్లాలో సగం ఆ కుప్పలోనే ఉంది. మిగతా సగం గాలికి మా ఇంట్లోకే వచ్చింది. నేను దాని ముందు చాలాసేపు నిలబడిపోయినట్టున్నాను. "ఏంది స్వామీ, మట్టిని అట్ల చూస్తాండావు? బంగారమేమన్నా పడిందా?" అన్నాడు మేస్త్రీ. ఈ కాలం పిల్లలకు చెబితే తప్ప తెలియదు గానీ, అప్పట్లో మా ప్రొద్దుటూరులో ఇళ్లన్నీ ఇట్లాంటి మిద్దెలే. దూలాల మీద కట్టెలు, కట్టెల మీద మట్టి, దాని పైన ఏటేటా వానలకు ముందు ఒక పొర చౌడు. చౌడు నేలలో గడ్డిపోచ మొలవదు. దాన్నే మిద్దె మీద పరిచి తొక్కితే నీటిచుక్కను కిందికి దిగనివ్వదు. అట్లాంటి ఒక మిద్దె కిందే నేనూ నా భార్యా అన్నదమ్ముల్లాగా వేరుపడి ఒక ఏడాది గడిపాం.

ఆమె మా పెద్దక్క కూతురు. మా వైపు మేనమామకే పిల్లనివ్వడం మామూలు. కనుక మా అక్క నాకు అత్త అయింది, బావ మామగారయ్యాడు, ఉయ్యాల ఊపినప్పుడు నా జుట్టు పీకిన పిల్ల పెళ్లామైంది. నన్ను మాటలొచ్చినప్పటి నుంచీ "మామా" అనే పిలిచేది, పెళ్లయ్యాకా అదే పిలుపు. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాను. నేను లేకపోతే కొత్త ఆంధ్ర రాష్ట్రం ఒక్కరోజు కూడా నడవదని కర్నూలులో అందరికీ తెలుసని నా నమ్మకం. ఆమె ఇంట్లో కూర్చుని ఎస్.ఎస్.ఎల్.సి.కి చదివేది. మొదటిసారి లెక్కల్లో తప్పింది. ముప్పై అయిదు రావాలి, ముప్పై మూడు వచ్చాయి. ఆ సంగతి నాకొక్కడికే చెప్పి, "ఎవరికీ చెప్పొద్దు మామా, సెప్టెంబరులో మళ్లీ రాస్తా" అంది.

ఆ నెలలోనే జమ్మలమడుగులో ఆమె అన్న పెళ్లి. బంతిలో నా ముందు నలభై విస్తళ్లు, నలభై జతల చెవులు. అట్లాంటి చోట నోరు మూసుకుని అన్నం తిన్న చరిత్ర నాకు లేదు. "మా ఇంటామెకు లెక్కల్లో మూడు మార్కులొచ్చినాయప్పా! అవి కూడా పేరు గుండ్రంగా రాసిందని పెట్టినారు" అన్నాను. బంతి బంతంతా నవ్వింది. పప్పు వడ్డిస్తున్నాయన గరిటె పట్టుకుని నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆమె తండ్రి. నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇంక చాల్లేప్పా ఈ చదువు. పరీక్షకు కట్టొద్దు" అన్నాడు. ఆమె మజ్జిగ చెంబుతో నా వెనకే నిలబడి ఉంది. నా విస్తట్లో మజ్జిగ పోసి ముందుకు వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో ఒక్క మాటే అంది. "మూడు కాదు మామా. ముప్పై మూడు."

మర్నాటికి మా ఇంట్లోనూ రాష్ట్ర విభజన జరిగిపోయింది. వంటిల్లూ, నడవలో వెనక సగమూ ఆమెవి. నడవలో ముందు సగమూ, వసారా, వీధి దుమ్మూ నావి. పుట్టింటికి పోదామంటే మా అక్క తిరిగి నా ఇంటికే పంపిస్తుంది కదా, అందుకని ఇంట్లోనే వేరుపడింది. సంధి కుదర్చడానికి వచ్చిన మా అక్క నడవ మధ్యలో కూర్చుని, "నేనిప్పుడు తమ్మున్ని తిట్టాల్నా, అల్లున్ని తిట్టాల్నా?" అని ఇద్దరి వైపూ చెరికొంచెం ఏడ్చి పోయింది. నాకు మాత్రం రెండు పూటలా గడప మీద పళ్లెం వచ్చేది. మొదటిరోజు నేను మీసం మెలేసి వద్దన్నాను. "మొగునికి నేను వండలేదు. మేనమామ పస్తుంటే మా అమ్మ నన్నంటాది. తిను" అంది. జొన్నరొట్టే, ఊరిమిండి పచ్చడీ. తిన్నాను. తండ్రి వద్దన్నా, చేతి గాజొకటి అమ్మి తనే పరీక్షకు కట్టింది.

ఆ ఆషాఢంలో బండెడు చౌడు తోలించి, మిద్దె మీద నా సగానికి మాత్రం పరిపించాను. మిగిలింది గోడ పక్కన కుప్పగా ఉంచాను. "మామా, నా పక్కకు కూడా ఏపించు" అని ఒక్కసారి అడుగుతుందని, అడిగితే ఇద్దరం నవ్వుకుంటామని, మహా తెలివైన పథకం వేశాననుకున్నాను. ఆమె అడగలేదు. అడగనిదే నేను వేయించలేదు. ఇద్దరమూ రోజూ ఆ కుప్ప పక్క నుంచే తిరిగాం.

పరీక్ష రెండు రోజులుందనగా పొద్దున్నే వాన పట్టింది. పెన్నా నది దారి తప్పి మా వీధిలోకి వచ్చిందా అన్నంత వాన. మిద్దె వాటం వెనక్కు, ఆమె పక్కకు ఉందన్న సంగతి నా పథకంలో లేదు. నా సగం వద్దన్న నీళ్లన్నీ ఆమె సగం మీదికి పోయాయి. గూట్లో పెట్టుకున్న లెక్కల నోటుపుస్తకం మీద ధార కట్టింది. మూడు నెలలు చేసిన లెక్కలు సిరా నీళ్లయి గోడవెంట కారుతుంటే, ఆమె పుస్తకాన్ని ఒకసారి చూసి, చీర కుచ్చెళ్లు దోపుకుని, గంప తీసుకుని బయటికి నడిచింది. కుప్పలోంచి తడిసిన చౌడు ఎత్తుకుని నిచ్చెనెక్కింది. నేను గొడుగు పట్టుకుని కింద నిలబడ్డాను.

"దిగమ్మీ, నేనేస్తా."

"నీ పక్క నువ్వేసుకున్యావు గద మామా. నా పక్క నేనేసుకుంటాండా."

వీధిలో అందరూ చూస్తున్నారు. ఒక్క నిచ్చెన ఎక్కి ఆ గంప అందుకుంటే సరిపోయేది. మా మిద్దె ఆకాశానికి అంటుకుని ఉండేదని ఇన్నేళ్లుగా ఎంతోమందికి చెప్పాను గానీ, ఉన్నవి పదకొండు మెట్లే. నేను ఎక్కలేదు. పద్నాలుగు గంపలు ఆమె ఒక్కతే మోసింది.

లెక్కల్లో అరవై ఒకటి వచ్చాయి. ఈ అంకెను నేను పెంచలేదు. ట్రైనింగు లేకపోయినా తీసుకునే రోజులవి. మరుసటి వేసవి తర్వాత పులివెందులలో ఆడపిల్లల బడిలో ఉద్యోగమైంది. ఒంటరిగా పోకూడదని మా అక్క పట్టుబడితే, తోడుకు నన్నే రమ్మంది. ట్రంకుపెట్టె నేనే మోశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "ఈయన ఎవరమ్మా?" అన్నారు. ఆమె తడుముకోకుండా, "మా అమ్మ తమ్ముడండీ" అంది.

అబద్ధమేమీ కాదు. పెట్టె దించి, దండం పెట్టి, వచ్చేశాను.

ఆమె అక్కడే స్థిరపడింది. ఉగాదికి ఉత్తరం రాస్తుంది, "మామకు నమస్కారాలు" అని. ఆమెతో అనవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అప్పుడు చిన్నవయసు, పౌరుషం అడ్డమొచ్చి అనలేదు. ఇప్పుడు వయసు మళ్లింది, సిగ్గేసి అనలేకపోతున్నాను. ఈ రెంటికీ మధ్య ఆ మాట అనగలిగే వయసు ఒకటి ఉండే ఉంటుంది, అది ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు.