జీడి మంట

పాలిటెక్నిక్‌లో ఇరవయ్యేళ్లుగా మెకానికల్ పాఠాలు చెబుతున్న మన్మథరావు గారు జేబులో కొలత టేపు లేనిదే గడప దాటరు. కాలేజీ పదేళ్ల ప్రణాళికలో ఊళ్లకు పనికొచ్చే మొదటి పథకం తనదే కావాలని ఆయన పంతం. తీరా చూస్తే, నిన్నగాక మొన్న లెక్చరరుగా చేరిన సాయిలక్ష్మి జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల పక్కన కూర్చుని తనూ కొట్టివచ్చి, వాళ్లకో యంత్రం చేద్దామంది. ప్రిన్సిపాల్ గారు మెచ్చుకుంటుంటే ఈయనకు కడుపు రగిలిపోయింది. ఆదివారం గుట్టుగా జీడి షెడ్డుకు వెళ్లి, ఆ అమ్మాయికి రెట్టింపు పిక్కలు కొట్టారు. సోమవారానికి జీడి రసం తగిలిన వేళ్లన్నీ బొబ్బలు. షెడ్డు తరఫున కాలేజీలో యంత్రం గురించిన మీటింగుకు వచ్చిన గున్నమ్మ ఆ చేతులు చూసి, "కొట్టే ముందు బూడిద రాసుకోనేదేటి బాబూ? ఆయమ్మ రాగానే ఎలా కొట్టాలో మమ్మల్నడిగింది మరి" అంది. సాయిలక్ష్మి తన సంచిలోని కొబ్బరినూనె సీసా ఆయన ముందుకు జరిపింది. బొబ్బలకన్నా ఆ సీసాయే ఎక్కువ మండింది.